ఆకులు అందించే ఉద్యోగం

హల్ నగరంలో, ఆస్పత్రి అడుగు అంతస్తులో
లాండ్రీ పక్కన నా గది.
కిటికీ లేదు. గోడ అవతల బాయిలర్ దగ్గుతుంటుంది.
తలుపు మీద నా పేరు కంటే హోదా పొడుగు.
"డాక్టరువి కావు, నర్సువి కావు, ఏం చేస్తావే అక్కడ?"
ఫోన్లో మేనత్త అడిగితే
"చేతులు కాలకముందే ఆకులు అందిస్తా" అన్నాను.
"దానికీ జీతమిస్తారా!" అని నవ్వింది.

ఇస్తారు.
తడినేల మీద ఎవరూ జారని రోజుకి,
ఎమర్జెన్సీలో తాగినవాడి పిడికిలి
ఎవరి దవడనీ తాకని రాత్రికి.
జరగనిదాన్ని చూపించమంటే మాత్రం
నా దగ్గర ఫొటోలుండవు.

మొన్న మంగళవారం డనూటా వచ్చింది,
ఎడమ బొటనవేలు కుడి గుప్పిట్లో దాచుకుని.
ఏడో వార్డు దుప్పటి మడతలో సూది.
ఎవరి రక్తం మోసిందో సూదికి గుర్తుండదు.
పారే నీళ్ళ కింద చెయ్యి పెట్టించాను,
రుద్దొద్దన్నాను, నోట్లో పెట్టుకోవద్దన్నాను,
గడియారం చూశాను.
ఆమె అడిగింది ఒక్కటే:
"ఈ చేత్తో మనవరాలికి జడ వెయ్యొచ్చా?"
వెయ్యొచ్చు, డనూటా.
ఫారంలో ఆ ప్రశ్నకి గడి లేదు.
అంచున, ఖాళీలో రాసుకున్నాను.

తప్పెవరిదని నేనడగను.
అలా అడిగితే నోళ్ళన్నీ తాళాలు వేసుకుంటాయి.
ఏమైందని అడుగుతాను, మళ్ళీ అడుగుతాను.
సూదులు పడేసే పసుపు డబ్బా గీత దాటి నిండింది.
కొత్త డబ్బా స్టోర్లో ఉంది.
స్టోరు తాళంచెవి ఐదింటికి ఇంటికెళ్ళిపోయింది
ఒక మంచి మనిషి కోటు జేబులో.
పద్దెనిమిది మంచాలకి ఇద్దరుండాల్సిన రాత్రి
జిన్సీ ఒక్కతే ఉంది.
సూది నుంచి తాళంచెవి దాకా
నాలుగంతస్తులు మెట్లెక్కి దిగాను.
ఇవాళ తాళంచెవి వార్డు గోడకి
కొక్కెం మీద వేలాడుతోంది.
రెండో నర్సుని వేలాడదీసే కొక్కెం
నా దగ్గర లేదు. ఉత్తరం రాశాను.
మూడోసారి.

డెరిక్ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మంచాలు తోస్తున్నాడు.
నడవలో అతని నడక వింటే చాలు,
నడుం ఎంత నొప్పో నాకు తెలుస్తుంది.
"ఫారం నింపితే నడుం వంగుతుందా?" అంటాడు.
వంగదు. కానీ రేపటి కుర్రాడి నడుం
వంగిపోకుండా ఉండొచ్చు, అంటాను.
ఈల వేసుకుంటూ పోతాడు.

అసలు సంగతి చెప్పాలి.

నెలకోసారి నలభై మందికి పాఠం చెబుతాను:
మోకాళ్ళు వంచండి, వెన్ను కాదు.
ఒక్కరే ఎత్తొద్దు. పడేవాళ్ళని పట్టుకోవద్దు.
గురువారం సాయంత్రం, ఎక్స్‌రే బయట
ఒక ముసలమ్మ కుర్చీలోంచి జారింది,
ఉతికిన చీర దండెం మీంచి జారినంత మెత్తగా.
వెన్ను వంచాను. ఒక్కదాన్నే ఎత్తాను.
నడుంలో ఏదో
పచ్చి కొమ్మ విరిగినట్టు పలికింది.
"థాంక్యూ లవ్" అందావిడ.
ఇక్కడి ముసలివాళ్ళు అందర్నీ అలాగే పిలుస్తారు.
నాకు మాత్రం ఇంటిదాకా వినిపిస్తూనే ఉంది,
బస్సు ప్రతి గుంతలోనూ.

మర్నాడు గోడ పట్టుకుని నడుస్తుంటే
లిఫ్టు దగ్గర డెరిక్ చూశాడు.
ఈల ఆపేశాడు. ఏమీ అనలేదు.
మధ్యాహ్నానికి నా బల్ల మీద
ఖాళీ ఫారం, దానిమీద అతని పెన్ను,
మూత కొరికి ఉంది.

పేరు రాశాను. తేదీ రాశాను.
చోటు, సమయం, నొప్పి ఎక్కడ, అన్నీ.
చివరి గడి నేనే తయారుచేసింది:
'దీన్ని ఎలా నివారించగలిగేవారు?'
ఇన్నేళ్ళుగా ఎందరి జవాబులో దిద్దాను.

"ఆవిడ పడిపోతోంది"
అని మాత్రం రాసి
పెన్ను మూత పెట్టాను.